తెర మీది గుమ్మము
(మేడిపల్లిలో సమావేశమైన గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేటి మన సమావేశము మేడిపల్లిలో జరుగుచున్నది. ఈ ఊరు ఒకప్పుడు తన పంచాయతీని తానే నడుపుకొన్న గ్రామము. వరంగల్లు రహదారి మీద ఉప్పలు పెరిగినది; నాచారము పారిశ్రామికవాడ విస్తరించినది; పొలములు ఇండ్ల స్థలములైనవి. ఈ గ్రామమును పీర్జాదిగూడ పురపాలక సంఘములో కలిపిరి. నేడు చూచువారికి పట్టణము ఎక్కడ ముగిసి ఊరు ఎక్కడ మొదలగునో తెలియదు. ఉప్పలులో సాఫ్ట్‌వేరు కార్యాలయములు, ఘట్‌కేసరు వైపు ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. బీబీనగరు, భువనగిరి, పోచంపల్లి వైపు నుండి వచ్చిన మీరు, దారిలో ఆ కళాశాలల బస్సులను చూచియే యుందురు. ఆ బస్సులలో పోవు విద్యార్థినీ విద్యార్థులు పాల్గొనదగిన ఒక పోటీని గురించి, ఆ పోటీతో మన గ్రామములకు గల సంబంధమును గురించి నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

పోటీ యెట్టిది?

ఆ పోటీ పేరు స్మార్ట్ ఇండియా హ్యాకథాన్. కేంద్ర ప్రభుత్వ విద్యాశాఖ, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి కలిసి 2017లో దీనిని ప్రారంభించినవి. కేంద్ర మంత్రిత్వ శాఖలు, రాష్ట్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు, పరిశ్రమలు తమకు ఎదురగు సమస్యలను వ్రాసి పంపును. విద్యార్థులు ఆరుగురు చొప్పున జట్టుగా ఏర్పడి, ఒక సమస్యను ఎన్నుకొని పరిష్కారమును సూచింతురు. ప్రతి జట్టులో కనీసము ఒక విద్యార్థిని ఉండవలెనని నియమము కలదు. మొదట కళాశాలలో పోటీ జరుగును. అందు నెగ్గినవారి పేర్లు పైకి పోవును. తుదకు ఎంపికైనవారు దేశములో నిర్ణయింపబడిన కేంద్రములకు చేరి, 36 గంటలు ఏకధాటిగా పనిచేసి, తమ సాఫ్ట్‌వేరును సిద్ధపరచి పరీక్షకుల ముందుంతురు. 2024 డిసెంబరులో ఈ తుది పోటీ 51 కేంద్రములలో జరిగినది; 1,300కు పైగా జట్లు పాల్గొన్నవి. ఆ పోటీలో ఒక్కొక్క సమస్యకు గెలిచిన జట్టునకు లక్ష రూపాయల బహుమతి నిచ్చిరి.

ఇట్టి పోటీలు మన దేశమునకే పరిమితము కావు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2003లో ఇమాజిన్ కప్ అను ప్రపంచ విద్యార్థి పోటీని ప్రారంభించినది. 2006లో దాని తుది పోటీలు మన దేశములోనే జరిగినవి. ఆ సంవత్సరపు పోటీలో ఇంటర్‌ఫేస్ రూపకల్పనకు వేరుగా ఒక విభాగమునే కేటాయించిరి.

ఇంటర్‌ఫేస్ అనగా నేమి అని మీరు అడుగవచ్చును. సాఫ్ట్‌వేరు ఒక ఇల్లనుకొనుడు. లోపల ఎన్నో గదులు, ఎన్నో సామానులు ఉండును. కాని లోనికి పోవు మనిషికి ముందు కనబడునది గుమ్మము. సెల్‌ఫోను తెర మీద కనబడు అక్షరములు, బొమ్మలు, నొక్కవలసిన మీటలు, వినబడు మాటలు అన్నియు కలిసి ఆ గుమ్మమగును. దానినే ఇంటర్‌ఫేస్ అందురు. ఇల్లు ఎంత విశాలమైనను గుమ్మము మరీ కురచదైనచో ముసలివారి తలకు తగులును. గడప మరీ ఎత్తైనచో కుంటివారు దాటలేరు. సాఫ్ట్‌వేరు విషయమును ఇట్టిదే.

ఇది మన పని ఎట్లగును?

యాప్‌లు చదువుకొన్నవారి వ్యవహారము, పంచాయతీకి వీనితో పని యేమి అని కొందరు తలంపవచ్చును. నేడు పంచాయతీ పని అధిక భాగము తెర మీదనే నడచుచున్నది. మీ ప్రణాళిక, పద్దులు, చెల్లింపులు 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా సాగుచున్నవి. ధ్రువపత్రముల కొరకు 2011లో ఆరంభమైన మీసేవ కేంద్రమునకు ప్రజలు పోవుచున్నారు. ఇట్లు పింఛను, ఉపాధి కూలి, భూమి పత్రము, రేషను మొదలైన హక్కులన్నియు ఎక్కడో ఒకచోట ఒక తెరను దాటి రావలసినవే.

ఒక వృద్ధురాలు తన పింఛను ఈ నెల పడినదో లేదో తెలిసికొనగోరినదనుకొందము. తెర మీద అక్షరములు ఆవగింజలంత యుండును. తెలుగు బదులు ఆంగ్లము కనబడును. ఫోనునకు వచ్చిన ఆరంకెల సంఖ్యను చూచి, గుర్తుంచుకొని, మరియొక తెరలో వేయులోపల గడువు దాటిపోవును. ఎఱ్ఱని అక్షరములలో ఏదో హెచ్చరిక కనబడును. తాను తప్పుచేసితినేమో యని ఆమె భయపడి ఫోనును క్రింద పెట్టును. ఆమె హక్కును ఎవరును కాదనలేదు. అయినను హక్కు ఆమెకు చేరలేదు. అప్పుడామె మరియొకరి చేతికి ఫోను నిచ్చును. ఆ చేయి మంచిదైన మేలు. కానిచో ఆమె రహస్య సంఖ్య, ఆమె డబ్బు రెండును పరుల వశమగును. ఇంత వ్యవహారము ఒక తెరను ఎవరో ఎట్లు గీసిరి అనుదానిపై ఆధారపడియున్నది. అందువలననే విద్యార్థుల పోటీ మన పోటీ యగుచున్నది.

మన భాష సంగతియు చూడుడు. కంప్యూటర్లలో ప్రపంచ భాషల అక్షరములకు సంఖ్యలు కేటాయించు యూనికోడ్ పద్ధతి 1991లో వెలువడినప్పుడే తెలుగు అందు చోటు పొందినది. అయినను 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగినది. ‘జ్ఞా’ అను మన సంయుక్తాక్షరము సందేశములో వచ్చినంతనే ఐఫోనులలో ఆ సందేశపు యాప్ మూతపడసాగినది. ఆ సంస్థ అదే నెలలో లోపమును సరిదిద్దినది. జ్ఞానము అను మాటలోని తొలి అక్షరమునకే ఫోను ఆగిపోయిన ఈ ఉదంతము మనకు చెప్పునది ఒక్కటే. ఏ వస్తువునైనను, వాడువారి భాషలో, వాడువారి చేతిలో పరీక్షింపనిదే అది సిద్ధమైనదని తలంపరాదు.

మన ప్రక్కనే ఉన్న పాఠము

మంచి ఇంటర్‌ఫేసు ఎట్లుండునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. ఇక్కడికి సమీపముననే, నాచారము దాటి కుషాయిగూడ వైపు పోయినచో, 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఈసీఐఎల్, కనబడును. లోక్‌సభ, శాసనసభల ఎన్నికలలో మీరు వాడిన ఓటింగు యంత్రములను తయారుచేయు రెండు సంస్థలలో ఇది యొకటి. రెండవది బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. ఈ యంత్రమును తొలిసారి 1982లో కేరళలోని పరవూరులో ఉపయోగించిరి. 2004 నాటికి లోక్‌సభ ఎన్నికలన్నిటిలోను ఇదియే వచ్చినది.

ఆ యంత్రము ముందు నిలుచున్న ఓటరును తలచుకొనుడు. చదువు వచ్చినవారు పేరు చదువుదురు. రానివారు గుర్తును చూతురు. చూపు లేనివారి కొరకు బ్రెయిలీ చుక్కలు కలవు. గుర్తు ప్రక్కనే నీలి మీట ఉండును. ఏ గుర్తునకు ఏ మీట యను సందేహము కలుగదు. మీట నొక్కగానే ఎఱ్ఱని దీపము వెలుగును. బీప్ అను ధ్వని వినవచ్చును. పని జరిగినదని కన్ను చెప్పును, చెవి చెప్పును. తరువాత చేర్చిన వీవీప్యాట్ యంత్రములో ఒక చీటీ ఏడు క్షణములు కనబడి పెట్టెలో పడును. ఇందులో ఓటరు చేయవలసిన పని ఒక్కటే. నేర్చుకొనవలసిన క్రొత్త మాట ఒక్కటియు లేదు.

మన దేశములో 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలోనే, ఓటర్లలో అధికులు అక్షరములు రానివారని గ్రహించి, పార్టీలకు గుర్తులు కేటాయించిరి. ఓటరు చదువు నేర్చు వరకు ప్రజాస్వామ్యము ఆగవలెనని నాటి పెద్దలు అనలేదు. ఓటరునకు తగినట్లు పద్ధతిని దిద్దిరి. నేటి సాఫ్ట్‌వేరు రూపకర్తలకు ఇంతకు మించిన పాఠము లేదు.

మీలో ఆలేరు వైపు వారికి చింతకింది మల్లేశము గారి కథ తెలిసినదే. పోచంపల్లి పద్ధతి చీరలకు ఆసు పోయుటలో ఆయన తల్లి లక్ష్మి గారు ఒక్కొక్క చీరకు వేలసార్లు చేయి త్రిప్పవలసివచ్చెడిది. ఆమె భుజపు నొప్పిని కండ్లార చూచిన కుమారుడు, పెద్ద చదువులు లేకయే, కొన్నేండ్లు పాటుపడి 1999లో ఆసు యంత్రమును సిద్ధపరచి దానికి తల్లి పేరు పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. అది కంప్యూటరు తెర కాదు, చెక్క, ఇనుము కలిసిన యంత్రము. అయినను అది పుట్టిన తీరు గమనింపదగినది. పనిచేయు మనిషి ప్రక్కన కూర్చుండి ఆమె చేతిని చూచినందుననే ఏమి మార్చవలెనో ఆయనకు తెలిసినది.

సాఫ్ట్‌వేరులోను ఇదే దారిని పోయినవారు కలరు. బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయములో ఇంద్రాణి మేధీ గారు, ఆమె సహచరులు అక్షరములు లేని తెరలను గురించి పరిశోధించి 2006లో ఫలితములను ప్రకటించిరి. వారు పేదవాడలలో ఇండ్ల పనిచేయు స్త్రీలతో కూర్చుండి, బొమ్మలతోను మాటలతోను నడచు తెరలను వారిచేతనే వాడించి చూచిరి. చేతితో గీసిన సహజమైన బొమ్మలను, వాటితోపాటు వినబడు మాటలను ఆ స్త్రీలు చక్కగా గ్రహించిరి. అసలు ఈ యంత్రము తమకు దేనికి ఉపయోగించునో ముందుగా ఒక చిన్న చలనచిత్రముగా చూపినచో వారి జంకు తగ్గుననియు తరువాత తెలిసినది. పొరుగున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా అందింప మొదలిడినది. దీనియందును అదే ఆలోచన గలదు. ప్రజలు క్రొత్త గుమ్మము వెదకుకొనుటకు బదులు, వారికి అలవాటైన గుమ్మము వద్దకే సేవ వచ్చినది.

పోటీలలో ఒక కొఱత

పోటీలను మేము మెచ్చుకొనుచునే ఒక మాట దాచక చెప్పవలసియున్నది. 36 గంటలు గదిలో కూర్చుండి పనిచేయు విద్యార్థి ముందు కంప్యూటరు ఉండును, ప్రక్కన మిత్రులుందురు, ఎదుట నిపుణులైన పరీక్షకులుందురు. ఆ గదిలో లేనిది ఒక్కరే: రేపు ఆ తెరను వాడవలసిన గ్రామస్థుడు. తెర అందముగా నున్నదని పరీక్షకులు మెచ్చుకొందురు, బహుమతి వచ్చును, ఛాయాచిత్రములు తీయుదురు. ఆపైన దానిని వాడుకలోనికి తెచ్చు భారమును ఎవరైనను వహింపనిచో, ఆ శ్రమ అంతటితో నిలిచిపోవును. ఇందులో పిల్లల తప్పు లేదు. వారికి తెలియని గ్రామమును వారికి తెలిపినవారు లేకపోవుటయే కారణము. ఈ కొఱతను తీర్పగలవారు మీరే.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది: సమస్యను సరిగా వ్రాయుట. “మా గ్రామమునకు మంచి యాప్ కావలెను” అనిన విద్యార్థికి ఏమియు తెలియదు. దానికి బదులు ఇట్లు వ్రాయుడు: “మా గ్రామములో ఇంటిపన్ను చెల్లించువారిలో పలువురు చదువలేరు. తాము ఎంత కట్టవలెనో, ఎంత కట్టిరో కార్యదర్శి చెప్పినగాని తెలియదు. ఆ రెండు అంకెలను వారు తమంతట తామే తెలిసికొను మార్గము కావలెను.” ఎవరికి కష్టము, ఏ పనిలో కష్టము, ఏ మెట్టు వద్ద ఆగిపోవుచున్నారు అను మూడు మాటలు స్పష్టముగా నున్న చాలును. గ్రామసభలో చర్చించి, ఏడాదికి ఒక్క సమస్యనైనను ఇట్లు వ్రాసియుంచుడు. పంచాయతీ నేరుగా ఈ జాతీయ పోటీకి సమస్యను పంపలేకపోయినను దారి లేకపోలేదు. విద్యార్థులు తమంతట తామే సమస్యను ఎన్నుకొనుటకు ఈ పోటీలో అవకాశము కల్పించిరి. మీకు సమీపముననున్న కళాశాలకు మీ సమస్యను పంపినచో, అది ఆ దారిన పోటీకి చేరవచ్చును. మన రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019లో ప్రారంభించిన ‘ఇంటింటా ఇన్నోవేటర్’ కార్యక్రమము గ్రామస్థుల, రైతుల, విద్యార్థుల పరికల్పనలను స్వాతంత్ర్య దినమున జిల్లా కేంద్రములలో ప్రదర్శించినది. అట్టి వేదికలను విడువకుడు.

రెండవది: పరీక్షకు చోటు, మనుషులను సమకూర్చుట. విద్యార్థులు తమ తెరను తీసికొని వచ్చినప్పుడు పంచాయతీ కార్యాలయములో ఒక పూట చోటిండు. ఎందరిని పిలువవలెను? వందమంది అవసరము లేదు. ఈ విద్యలో పేరెన్నికగన్న యాకోబ్ నీల్సన్ అను నిపుణుడు 2000లో చెప్పిన లెక్క ప్రకారము, ఐదుగురిచేత వాడించి చూచిన చాలును, తెరలోని లోపములలో సుమారు 85 శాతము బయటపడును. కనుక ఒక వృద్ధురాలిని, చదువురాని కూలీని, మహిళా సంఘ సభ్యురాలిని, చూపో చేయో సరిగా లేని ఒకరిని, ఒక రైతును పిలువుడు.

మూడవది: పరీక్షను నియమముగా జరుపుట. వాడుచున్నవారికి ఎవరును అందింపరాదు. “అక్కడ నొక్కుము అవ్వా” అని మనమే చెప్పినచో ఆ పూట వ్యర్థమగును. ఆమె వ్రేలు ఎక్కడ ఆగినదో, ఏ మాట వద్ద మొగము చిట్లించినదో విద్యార్థులు మౌనముగా చూచి వ్రాసికొనవలెను. ఆమె తడబడినప్పుడు ఎవరును నవ్వరాదు. పరీక్షింపబడునది తెర, ఆమె కాదు అని ముందే అందరికిని తెలుపవలెను. తడబాటు ఎక్కడ కలిగెనో అక్కడ తెరను దిద్దవలెను.

నాలుగవది: జాగ్రత్త. పరీక్ష కొరకు ఎవరి ఆధారు సంఖ్యను, బ్యాంకు పుస్తకమును, ఫోనునకు వచ్చు రహస్య సంఖ్యను ఈయరాదు. కల్పిత పేర్లు, కల్పిత అంకెలు చాలును. వచ్చినవారు కళాశాల పిల్లలైనను ఈ నియమమును సడలింపరాదు. నేడు పిల్లలకు చూపిన అలవాటు రేపు మోసగానికి దారి చూపును.

అయిదవది: మన పిల్లలను పంపుట. మీ వార్డులో ఇంజనీరింగు, డిప్లొమా చదువుచున్న అమ్మాయిలు, అబ్బాయిలు ఎవరో తెలిసికొనుడు. జట్టులో విద్యార్థిని తప్పక ఉండవలెనను నియమము మన ఆడపిల్లలకు తెరచియుంచిన తలుపు. పట్టణపు పిల్లలకు తెలియని సంగతులు ఊరిలో పెరిగిన పిల్లకు పుట్టుకతోనే తెలియును. నాటు కాలములో ఫోనెత్తుటకు చేతులు ఖాళీగా నుండవనియు, ఇంటికంతకు ఒకే ఫోనుండి అది మగవారి జేబులో పోవుననియు ఆమెకు ఎవరును చెప్పనక్కరలేదు. ఆ తెలివికి పోటీలో విలువ కలదు.

ఒక సందేహము

“కార్యాలయములో ఆపరేటరు ఉన్నాడు గదా, ప్రతివారును తెరను తెలిసికొననేల?” అని కొందరందురు. ఆపరేటరు ఉండవలసినదే. ఫోను లేనివారికి, వాడలేనివారికి, వాడ నిష్టపడనివారికి కార్యాలయపు కిటికీ తెరచియే యుండవలెను. ఏ యాప్‌ను చూపియు దానిని మూయుట న్యాయము కాదు. కాని తన అర్జీ ఎక్కడున్నదో తానే చూచుకొనగల మనిషి కిటికీ వద్ద బ్రతిమాలుకొనడు; ధైర్యముగా అడుగును. దళారి చేతిలో రూపాయి పెట్టవలసిన అవసరము తగ్గును. తెర తేటగానున్నచో ఆపరేటరు పనియు తేలికపడును. ఈ-గ్రామస్వరాజ్ వేదికను 2024 ఆగస్టులో భాషిణి సహాయముతో 22 భారతీయ భాషలలోనికి తెచ్చిరి. కావున పంచాయతీ లెక్కను తన భాషలో చదివి ప్రశ్నించు పౌరుడు మీ గ్రామసభకును రాగలడు. అట్టివానిని చూచి జంకక సంతోషింపవలెను. పంచాయతీ బలము ఆ ప్రశ్నలోనే యున్నది.

సోదర సోదరీమణులారా! ఊరికి రోడ్డు వేయునప్పుడు ఎక్కడ నీరు నిలుచునో ఇంజనీరునకు మనమే చూపుదుము. పాఠశాల కట్టునప్పుడు పిల్లలు ఏ వైపు నుండి వత్తురో మనమే చెప్పుదుము. తెరను కట్టునప్పుడును అదే చేయవలెను. మీరు గ్రామమునకు తిరిగి వెళ్ళిన పిదప రానున్న గ్రామసభలో ఈ విషయమును ఒక అంశముగా చేర్చుడు. ఏ పనికై పోయినప్పుడు ఏ తెర వద్ద ఆగిపోయితిరని ప్రజలను అడుగుడు. వారు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసికొని, సమీప కళాశాల ప్రధానాచార్యునకు పంచాయతీ తీర్మానముతో పంపుడు. ఆ కాగితము చేరిననాడు ఆ పిల్లల పోటీ గదిలోనికి మీ గ్రామపు అవ్వ కూడ అడుగుపెట్టినట్లగును.